బత్తాయి తోటలో దొరికిన నీలి రాయి నీలమణేనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట గెట్టు చదును చేస్తుంటే కోడిగుడ్డంత ముదురు నీలం రాయి దొరికింది, ఒక పక్క ఆకుపచ్చ మరకలున్నాయి. ఊళ్లో ఒకాయన నీలమణి అంటున్నాడు, ఉంగరం చేయించుకోమంటున్నాడు. మా మేనల్లుడేమో ఫోన్‌లో వెతికి అజురైట్ అనే రాగి ఖనిజం అంటున్నాడు. ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?
– ఒక పాఠకుడు

జవాబు: దొరికింది బత్తాయి తోటలో కాబట్టి ముందు నాకొచ్చిన అనుమానం తీర్చండి. చెట్లకు పూసే బోర్డో పేస్టు కలిపేటప్పుడు జారిపడ్డ మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) గడ్డ కాదు కదా? చిన్న పెళ్ల తీసి నీళ్లలో వేసి రాత్రంతా ఉంచండి. మైలుతుత్తమైతే కరిగి నీళ్లు నీలంగా మారతాయి, అజురైట్ కరగదు. ఆ గ్లాసు మళ్లీ తాగడానికి మాత్రం వాడకండి.

నీలమణి గొడవ కుట్టుసూదితోనే తేలిపోతుంది. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ స్కేలు మీద నీలమణిది 9, సూది మొన జారిపోతుందే తప్ప గీత పడదు. అజురైట్‌ది 3.5 నుంచి 4, గీస్తే పొడి రాలుతుంది. తర్వాత టైల్ ముక్క వెనకవైపు, గరుకుగా ఉండే చోట, రాయిని గట్టిగా రుద్దండి. పైకి ఎంత ముదురుగా కనిపించినా అజురైట్ వదిలేది లేత నీలం గీతే. లాపిస్ లాజులి అనే మరో నీలి రాయి గీత కూడా దాదాపు అలాగే ఉంటుంది గానీ దాని గట్టిదనం 5 దాటుతుంది, పైగా అందులో బంగారు రంగు పైరైట్ చుక్కలు తరచూ మెరుస్తుంటాయి.

నాకైతే మీరు ఊరికే చెప్పి వదిలేసిన ఆ ఆకుపచ్చ మరకలే అసలు సాక్ష్యం అనిపిస్తోంది. భూమి పైపొరల్లో ఉన్న రాగి ఖనిజం వాన నీళ్లకు, వాటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్‌కు లోనై చివికిపోయినప్పుడు రెండు కార్బొనేట్లు పుడతాయి, నీలంది అజురైట్, ఆకుపచ్చది మాలకైట్. అజురైట్‌కు నిలకడ తక్కువ, రాను రాను మాలకైట్‌గా మారిపోతుంటుంది, అందుకే అది అరుదు, దొరికినా చాలాసార్లు పక్కన మాలకైట్ ఉంటుంది. ఫ్రాన్స్‌లో లియాన్ దగ్గరి షెసీ గనుల నుంచి ఎంత మంచి స్ఫటికాలు వచ్చాయంటే దీన్ని షెసిలైట్ అని కూడా పిలిచారు.

ఇంకా నమ్మకం కుదరకపోతే బాత్రూమ్ కడిగే యాసిడ్‌ను ఆరుబయట కొంచెం నీళ్లలో పోసి (నీళ్లను యాసిడ్‌లో పోయొద్దు) చిటికెడు పొడి వేయండి. కార్బొనేట్ అయితే బుసబుసా నురగ వస్తుంది. నురగ ఒక్కటే చాలదు, కాల్సైట్ (ఇదీ ఒక కార్బొనేటే) కలిసిన లాపిస్ కూడా నురగ తెస్తుంది. అదే ద్రావణంలో శుభ్రమైన ఇనుప మేకు ముంచితే దాని మీద ఎర్రటి రాగి పూత పట్టాలి, అజురైట్‌లో సగానికి పైగా, సుమారు 55 శాతం, రాగే మరి.

అన్నీ కుదిరినా ఒక ప్రశ్న మిగులుతుంది. మన దేవరకొండ వైపు ఎటు చూసినా గ్రానైట్ గుండ్లే. రాష్ట్రంలో రాగి అంటే గుర్తొచ్చేది పాత ఖమ్మం జిల్లా మైలారం. ఎవరో ఎక్కడినుంచో తెచ్చి పారేసిందీ కావచ్చు. అందుకని దొరికిన చోటు గుర్తు పెట్టి, ఫొటో తీసి, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫీసులోనో, ఉస్మానియా జియాలజీ విభాగంలోనో చూపించండి. ఉంగరం ఆలోచన మానుకోండి, ఇంత మెత్తటి రాయి రోజూ గిన్నెలకూ గోడలకూ తగిలితే నిలవదు. ఇక రాయి నానబెట్టిన నీళ్లు తాగితే మంచిదని ఎవరైనా చెబితే అసలే వినొద్దు, రాగి ఎక్కువైతే విషం.