‘నేనూ అంతే’ అన్న మాట ఇంగ్లిష్‌లో ఎందుకు తడబడుతుంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బీటెక్ పూర్తి చేసి, బెంగళూరు మారతహళ్లిలో పీజీ (పేయింగ్ గెస్ట్) హాస్టల్‌లో ఉంటూ ఆరు నెలలుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రైనీగా పని చేస్తున్నాను. ఈమెయిళ్లు బాగానే రాస్తాను కానీ, మీటింగుల్లో ఎవరేమన్నా ‘యెస్, యెస్’ తప్ప మరో మాట రాదు. మొన్న ఒక సహోద్యోగి ‘ఐ డిడ్‌న్ట్ అండర్‌స్టాండ్ ది రిక్వైర్‌మెంట్’ అంటే నేను ‘మీ టూ’ అన్నాను. పక్కనున్నవాళ్లు నవ్వారు. అప్పటి నుంచి నోరు విప్పాలంటేనే బెరుకుగా ఉంది. మూడు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరమంటారా?

జవాబు: కోర్సు సంగతి చివర చెబుతాను. ముందు ఆ ‘మీ టూ’ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగం అక్కడే ఉంది.

ఎదుటివారు ‘నాకు అర్థం కాలేదు’ అన్నా, ‘నాకు అర్థమైంది’ అన్నా తెలుగులో మన జవాబు ఒక్కటే: ‘నాకూ’. ‘నిన్న వెళ్లాను’, ‘రేపు వెళ్తాను’, ‘వెళ్లలేను’ అని వారు ఏమన్నా, ‘నేనూ’ అని చివరి అచ్చును కాస్త సాగదీస్తే చాలు, కాలమూ వ్యతిరేకార్థమూ ఎదుటివారి వాక్యం నుంచి వాటంతట అవే వచ్చి చేరతాయి. ఇంగ్లిష్‌లో ఆ వెసులుబాటు తక్కువ. ‘మీ టూ’ మామూలు మాటల్లో ‘లేదు, కాదు’ లేని వాక్యానికే చెల్లుతుంది, మీ సహోద్యోగి అన్న ‘డిడ్‌న్ట్’ లాంటి వాక్యానికి చెల్లదు. అక్కడ ఎదుటివారి వాక్యంలోని సహాయక క్రియను, అంటే బడిలో మనం హెల్పింగ్ వెర్బ్ అని చదువుకున్నదాన్ని, పట్టుకొని మన జవాబులో పెట్టాలి. ‘ఐ యామ్ ఫ్రమ్ అనంతపూర్’ అన్నవారికి ‘సో యామ్ ఐ’ అనీ, ‘ఐ హ్యావ్ సబ్మిటెడ్ మై టైమ్‌షీట్’ అన్నవారికి ‘సో హ్యావ్ ఐ’ అనీ, ‘ఐ కెన్ స్టే లేట్ టుడే’ అన్నవారికి ‘సో కెన్ ఐ’ అనీ చెప్పాలి. వాక్యంలో సహాయక క్రియ పైకి కనిపించకపోతే ‘డూ’ను తెచ్చుకోవాలి: ‘ఐ లైక్ ఫిల్టర్ కాఫీ’కి ‘సో డూ ఐ’, ‘ఐ మిస్డ్ ది బస్’కు ‘సో డిడ్ ఐ’. వాక్యం ‘లేదు, కాదు’ అర్థంలో ఉంటే ‘సో’ స్థానంలో ‘నీదర్’ వస్తుంది. కాబట్టి మొన్న మీరు అనవలసింది ‘నీదర్ డిడ్ ఐ’, లేదా స్నేహితుల మధ్య ‘మీ నీదర్’. ఆ క్షణానికి ఏదీ తోచకపోతే ‘సేమ్ హియర్’ అనండి, అది రెండు వైపులా చెల్లుతుంది.

మాటల వరుస మాత్రం తప్పనివ్వకండి. ‘సో డూ ఐ’, ‘సో ఐ డూ’ ఒకటి కావు. ‘నీ చొక్కాకు సిరా అంటింది’ అని ఎవరైనా చూపిస్తే, చూసుకొని ‘అరె, నిజమే!’ అనే చోట ‘సో ఐ డూ’ లాంటి వరుస వస్తుంది. ‘నేనూ అంతే’ అనాలంటే ‘ఐ’ చివర ఉండాలి, గొంతులో ఒత్తు కూడా దాని మీదే పడాలి. ‘ఐ యామ్ అగ్రీ’ అన్న మాటనైతే ఈరోజే వదిలేయండి. ‘అగ్రీ’ అనేదే క్రియ కనుక ‘ఐ అగ్రీ’ చాలు.

ఇంతకంటే ప్రమాదకరమైనది మీరు ప్రశ్నలో అడగని విషయం, మీ ‘యెస్, యెస్’. నా దగ్గరకు మాక్ ఇంటర్వ్యూకు వచ్చిన ఒక అబ్బాయిని, పరీక్షకుడిగా కూర్చున్న మిత్రుడు ‘సో యూ హ్యావ్‌న్ట్ వర్క్‌డ్ ఆన్ ఎ లైవ్ ప్రాజెక్ట్?’ అని అడిగాడు. అబ్బాయి వినయంగా తల ఊపి ‘యెస్ సార్’ అన్నాడు. ‘విచ్ వన్?’ అన్నాడు మిత్రుడు, పెన్ను పట్టుకొని. అబ్బాయి ముఖం పాలిపోయింది. చేయలేదని తాను నిజమే చెప్పాడు, చేశానని అవతలివారు విన్నారు. ఆ తర్వాత పావుగంట సేపు ఆ అబ్బాయి చెప్పిన ప్రతి మాటనూ మిత్రుడు అనుమానంతోనే విన్నాడు. మాక్ కాబట్టి సరిపోయింది, అసలు ఇంటర్వ్యూలో అయితే అబద్ధం చెప్పాడన్న ముద్ర పడేది.

తెలుగులో ‘నువ్వు చేయలేదా?’ అంటే ‘అవును, చేయలేదు’ అంటాం, ఎందుకంటే మన ‘అవును’ ఎదుటివారి మాటను ఒప్పుకుంటుంది. ఇంగ్లిష్ ‘యెస్’ జరిగిన పనిని బట్టి ఉంటుంది: పని జరిగితే ‘యెస్’, జరగకపోతే ‘నో’, ప్రశ్న ఏ రూపంలో ఉన్నా సరే. కన్నడ ‘హౌదు’, తమిళ ‘ఆమా’ కూడా మన ‘అవును’ లాగానే నడుస్తాయి కాబట్టి బెంగళూరులో మన మధ్య ఈ ‘యెస్’ సాఫీగా సాగిపోతుంది, తప్పు జరుగుతున్నట్టే తెలియదు. సాయంత్రం అమెరికా వాళ్లతో కాల్‌లో ‘యూ హ్యావ్‌న్ట్ టెస్టెడ్ ఇట్ యెట్?’ అన్నదానికి ‘యెస్’ అంటే, టెస్టింగ్ అయిపోయిందనుకునే అవకాశం ఉంది. అందువల్ల ‘యెస్’, ‘నో’లతో ఎప్పుడూ ఆగకండి, వెంటనే క్రియను కూడా పలకండి: ‘నో, ఐ హ్యావ్‌న్ట్’, ‘యెస్, ఐ హ్యావ్’. నాలుక తడబడినా క్రియ మిమ్మల్ని కాపాడుతుంది. ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ షేర్ మై స్క్రీన్?’ అన్నప్పుడూ ఇదే చిక్కు. ‘మీకేమైనా అభ్యంతరమా?’ అని దాని అర్థం కనుక ‘నాట్ ఎట్ ఆల్, గో అహెడ్’ అనాలి.

ఇంకొకటి, మనం ఊఁ కొట్టే జాతి. అమ్మమ్మ కథ చెబుతుంటే ఊఁ కొట్టకపోతే ‘వింటున్నావా, నిద్రపోయావా?’ అనేది. మీ ‘యెస్, యెస్’ కూడా వింటున్నానని తెలిపే ఆ మర్యాదే. కానీ ‘కెన్ యూ సెండ్ ఇట్ బై థర్స్‌డే?’ అన్నప్పుడు ఆ అలవాటులో ‘యెస్, యెస్’ అంటే, అవతలివారు గురువారానికి మాట ఇచ్చారని రాసుకుంటారు. వింటున్నానని చెప్పడానికి ‘రైట్’, ‘ఐ సీ’ వాడండి. ‘యెస్’ను నిజంగా ఒప్పుకునేటప్పటికి దాచుకోండి.

ఒప్పుకోవడంలోనూ రకాలున్నాయి, అవి మీకు తెలుగులో పుట్టుకతో తెలుసు. ‘అదే కదా!’ అనిపించిన చోట ‘ఎగ్జాక్ట్లీ’, ‘నిజమే’ అనే చోట ‘దట్స్ ట్రూ’, సోమవారానికి మారుద్దామంటే ‘సరే’ అన్నట్టుగా ‘దట్ వర్క్స్ ఫర్ మీ’, అంతగా ఇష్టం లేకుండా ‘సరేలే’ అనే చోట ‘ఐ సపోజ్ సో’ సరిపోతాయి. ‘ఆఫ్ కోర్స్’తో జాగ్రత్త. సాయం అడిగినవారికి అది ఆదరంగా వినిపిస్తుంది, కానీ ‘ఆదివారం క్యాంటీన్ ఉంటుందా?’ అని వివరం అడిగినవారికి ‘అది కూడా తెలియదా?’ అన్నట్టు తగులుతుంది. మన ‘కదా’ను అన్నిచోట్లా ‘ఇజ్‌న్ట్ ఇట్’గా మార్చడం కూడా మానుకోండి. ‘యూ ఆర్ కమింగ్’ తర్వాత రావలసింది ‘ఆర్‌న్ట్ యూ’. ఇక్కడ కూడా పని చేసేది ఆ సహాయక క్రియే.

ఇక కోర్సు. యూరప్ మండలి 2001లో ప్రచురించిన ఆరు మెట్ల భాషా ప్రమాణంలో, మాట్లాడటాన్ని రెండుగా విడదీశారు: ఒకరే చెప్పుకుపోవడం వేరు, ఎదుటివారితో సంభాషించడం వేరు. కాలేజీలో మనం బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్, ఒక నిమిషం ఆగకుండా మాట్లాడే జామ్ పోటీ మొదటి రకానివి. మీకు కొరవడింది రెండవది. కోర్సు రుసుము కట్టే ముందు, ఆ క్లాసులో ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి మాట్లాడిస్తారా, లేక బోర్డు మీద రాసినది రాసుకోమంటారా అని ఒక రోజు కూర్చొని చూడండి. రాసుకోమనేదైతే చేరవద్దని నా స్పష్టమైన అభిప్రాయం, ఈమెయిల్ తప్పుల్లేకుండా రాసేవారికి వ్యాకరణం మళ్లీ చెప్పించుకోవలసిన పని లేదు.

అంతవరకు పీజీలో మీ రూమ్మేట్‌ను రోజూ పది నిమిషాలు అడగండి. ఆమె లేదా అతను తన గురించి ఒక వాక్యం చెప్పాలి, మీరు మూడు మాటల్లో జవాబివ్వాలి. మొదటి వారం ‘సో’, రెండో వారం ‘నీదర్’, మూడో వారం రెండూ కలిపి, నాలుగో వారం అన్నీ ‘లేదా?’ ప్రశ్నలే. ఆఫీసులో ఈ వారానికి ఒక్క పని చాలు: ‘మీ టూ’కు నవ్వినవారిలో మీకు కాస్త చనువున్న ఒకరు ‘ఐ హ్యావ్‌న్ట్ హ్యాడ్ లంచ్ యెట్’ అన్నప్పుడు, ‘నీదర్ హ్యావ్ ఐ’ అని లేచి వారితో భోజనానికి వెళ్లండి.