న్యాయ సలహా: కోర్టు మార్షల్ శిక్ష పడితే ఏ గడప తొక్కాలి?

ప్రశ్న: మాది చెన్నై అంబత్తూరు. మా తమ్ముడు ఆర్మీలో సిపాయి. యూనిట్‌లో సమ్మరీ కోర్టు మార్షల్ (కమాండింగ్ ఆఫీసరే జరిపే సైనిక విచారణ) పెట్టి 9 నెలల జైలు వేసి, డిస్మిస్ చేశారు. ఒప్పుకుంటే తక్కువతో పోతుందని ఎవరో చెబితే నేరం ఒప్పుకున్నాడట. ఇప్పుడు ఉత్తరాదిలో సివిల్ జైల్లో ఉన్నాడు. గవర్నరుగారికి క్షమాభిక్ష అర్జీ పెడితే వదులుతారా?

జవాబు: గవర్నరుగారి దగ్గరికి వెళ్లి రోజులు పోగొట్టుకోకండమ్మా. కోర్టు మార్షల్ శిక్షను క్షమించే అధికారం 72వ అధికరణ కింద రాష్ట్రపతికి ఉంది, గవర్నరుకు లేదు. 9 నెలల శిక్షకు ఆ దారి కూడా దూరమే. మీకు పనికొచ్చేవి ఆర్మీ చట్టం 164(2) సెక్షన్ కింద ఆర్మీ పై అధికారులకు పిటిషన్, సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో అప్పీలు.

రెండింటికీ ముందు ప్రొసీడింగ్స్ (విచారణ రికార్డు) కాపీ చేతికి రావాలి. ఆర్మీ రూల్ 147 ప్రకారం అది మీ తమ్ముడి హక్కు. అతనే సంతకం చేసిన దరఖాస్తును జైలు సూపరింటెండెంట్ ద్వారా పంపించండి. వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద సంతకానికీ ఆయన ధ్రువీకరణ తీసుకోండి. ఫైలు తమ దగ్గర లేదని యూనిట్ అంటే అది నిజమే కావచ్చు. శిక్ష చదివి వినిపించాక కాగితాలు కమాండ్‌లోని డిప్యూటీ జడ్జ్ అడ్వొకేట్ జనరల్ (సైన్యపు న్యాయాధికారి) ద్వారా పై అధికారికి వెళ్తాయి. అందుకే రెండుచోట్లకూ ఒకేసారి స్పీడ్ పోస్టు చేయండి.

కాపీ రాగానే నేరం ఒప్పుకున్న పేజీ తీయండి. ఆరోపణ ఏమిటో, ఒప్పుకుంటే ఏమవుతుందో అతనికి అర్థమయ్యేలా చెప్పారని అందులో ఉండాలి. అచ్చువాక్యం ఒక్కటే ఉండి, కింద అతని సంతకం లేకపోతే లాయరుకు అదే గట్టి పట్టు. తర్వాత, విచారణ గురించి అతనికి తెలియజేసిన సమయానికీ ఆరోపణ చదివిన సమయానికీ మధ్య 96 గంటలున్నాయా చూడండి. యాక్టివ్ సర్వీసులో (శత్రువుతో పోరాటం వంటి విధుల్లో) ఉంటే 24 చాలు. తేదీలు చూసి సరిపెట్టుకోకండి, గంటలే లెక్కపెట్టండి. విచారణ జరిపిన అధికారి హోదా కూడా చూడండి. లెఫ్టినెంట్ కల్నల్ కంటే తక్కువైతే 3 నెలలకు మించి జైలు వేయకూడదు.

సమ్మరీ కోర్టు మార్షల్‌లో డిస్మిసల్ గానీ, 3 నెలలు దాటిన జైలు గానీ పడితే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మీకు రెండూ ఉన్నాయి. డిస్మిస్ అయినవారు తాము ఉండే ప్రాంతపు బెంచిలో కేసు వేయవచ్చు కాబట్టి అతని చెన్నై చిరునామా రుజువు జతచేసి ఇక్కడి బెంచికే రండి. ఇదే బెంగళూరువారికైతే కొచ్చి బెంచి. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం పెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, అప్పీలుతోపాటే శిక్ష నిలిపివేతకు దరఖాస్తు వేయండి. అప్పీలు ఒక్కటే వేస్తే వాదనకు వచ్చేలోపే 9 నెలలూ గడిచిపోవచ్చు. 164(2) పిటిషన్ పంపిన రసీదు దాచండి. ముందు ఆర్మీని అడిగారా అనే ప్రశ్న రావచ్చు. జవాబు కోసం మాత్రం చేతులు ముడుచుకుని కూర్చోకండి.

లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. 15100కు ఫోన్ చేయండి.

విచారణకు ముందు అతన్ని కస్టడీలో ఉంచారా? 169ఎ సెక్షన్ కింద ఆ రోజులు శిక్షలోంచి తీసేయాలి. జైలువారు రాసుకున్న విడుదల తేదీలో అవి తగ్గాయో లేదో ఈ వారమే అడిగించండి.