ఒకే కాఫీ, పరుగు మాత్రం నాకే!

ప్రశ్న: డాక్టరుగారూ, పొద్దున్నే నేనూ మావారూ ఒకే సైజు కప్పుల్లో కాఫీ తాగుతాం. గంట తిరక్కుండా నేను రెండుసార్లు బాత్రూమ్‌కి పరిగెత్తాలి. ఆయన మధ్యాహ్నం దాకా కుర్చీ కదలరు. పైగా ‘నీదంతా టెన్షన్’ అంటారు. ఇది ఆడవాళ్లకి ఎక్కువా, లేక నాలోనే ఏదైనా తేడా ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆ టెన్షన్ మాట మా ఇంట్లో నేనూ పడ్డానమ్మా. పడి ఊరుకోక కొలిచాను. ఒక ఆదివారం కాఫీ, మరుసటి ఆదివారం అన్నే వేడినీళ్లు. మూడేసి గంటలు గీతల జాడీతో కొలిచి, తలుపుకి అంటించిన కాగితం మీద రాసుకున్నాను. కాఫీ రోజు నాలుగుసార్లు వెళ్లాను, నీళ్ల రోజు రెండుసార్లే. తీరా కూడి చూస్తే కాఫీ రోజు ఎక్కువైంది 60 మిల్లీలీటర్లు. ఈ మాత్రానికేనా ఇంత పరుగు అని నవ్వొచ్చింది.

ఎక్కువసార్లు వెళ్లడం వేరు, ఎక్కువ రావడం వేరు. కిడ్నీల్లో అడినోసిన్ అనే పదార్థం సోడియాన్ని తిరిగి రక్తంలోకి పంపడంలో సాయపడుతుంది. కెఫీన్ దానికి అడ్డుపడుతుంది. సోడియం బయటికి పోతే నీళ్లూ దాని వెంటే పోతాయి. మూత్రం పెరిగేది ఇలా. ఇక మూత్రాశయం సంగతి వేరు. తరచూ అర్జెంటుగా వెళ్లాల్సివచ్చే ఇబ్బంది ముందే ఉన్నవాళ్లలో, అది నిండకముందే నిండినట్టు అనిపించేలా కెఫీన్ చేయగలదు.

ఆడామగా తేడా నిజమే. 2015లో పలు పరిశోధనల్ని కలిపి లెక్కగట్టారు. సుమారు 300 మిల్లీగ్రాముల కెఫీన్ తీసుకుంటే మూత్రం దాదాపు 109 మిల్లీలీటర్లు, అంటే 16 శాతం పెరిగింది. ఆ ప్రభావం ఆడవాళ్లలో స్పష్టంగా, మగవాళ్లలో చాలా స్వల్పంగా కనిపించింది. వ్యాయామం చేస్తున్నప్పుడైతే ఇంచుమించు లేదు.

కప్పులు ఒకటే అయినా ఒళ్లు ఒకటి కాదు కదా. కప్పులో 100 మిల్లీగ్రాములుంటే, 50 కిలోల మనిషికి కిలోకి 2 మిల్లీగ్రాములు పడుతుంది. 75 కిలోల మనిషికి 1.3 మాత్రమే. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే కెఫీన్ ఒంట్లో దాదాపు రెట్టింపు సేపు ఉండిపోతుంది. గర్భం చివరి నెలల్లో ఇంకా ఎక్కువసేపు. గర్భిణులు రోజుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. రోజూ తాగేవాళ్లకి మూత్రం పెరగడం కొంత అలవాటుపడి తగ్గుతుంది.

మీరు కప్పు సగం చేసి ఒక వారం చూడండి. పరుగు తగ్గితే కాఫీ పనే. బాత్రూమ్ భయంతో నీళ్లు మాత్రం మానేయకండి, మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. కాఫీ తాగని రోజున కూడా ఇలాగే ఉన్నా, మంట, రక్తం, జ్వరం, విపరీతమైన దాహం ఉన్నా, రాత్రిళ్లు పదేపదే లేవాల్సివస్తున్నా మూత్రపరీక్ష, షుగర్ పరీక్ష చేయించండి. మీవారికి ఇంకా నమ్మకం కుదరకపోతే ఆయన చేతికీ ఒక జాడీ ఇవ్వండి.