కొత్త సీజన్ ముందు పాత బాకీలు

బరంపురం

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పర్లాకిమిడి నుంచి నువ్వు పంపిన ప్రివ్యూ రెండుసార్లు చదివాను. ఏళ్ల తరబడి నడిచే సూపర్‌హీరో సీరియల్ మీద, కొత్త సీజన్ మొదలవకముందే తెలుగులో రాయాలనుకోవడం మంచి పని. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మన పిల్లలు ఈ సీరియళ్లు ఇష్టంగా చూస్తారు. వాటి గురించి తెలుగులో చదువుకోవడానికి దొరికేది తక్కువ. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

నీ ఆరు పేరాల్లో నాలుగు జోస్యమే. విలన్ అసలు ఎవరు, ఎవరు చచ్చిపోతారు, ఎవరు తిరిగొస్తారు. సీజన్ మొదలైన మూడోవారానికి అవన్నీ చెల్లని నోట్లయిపోతాయి. ప్రివ్యూలో నువ్వు చూపించాల్సింది పాత సీజన్లు మాట ఇచ్చి తీర్చకుండా ప్రేక్షకుడికి ఎంత బాకీ పడ్డాయో, ఆ బాకీ తీర్చడానికి ఈసారి చేతిలో ఎన్ని ఎపిసోడ్లున్నాయో. ఈ రెండూ దొరికితే మిగతా వ్యాసం వాటి చుట్టూ తనే అల్లుకుంటుంది.

మన బరంపురం బుఢీ ఠాకురాణి అమ్మవారి యాత్ర సంగతే చూడు. రెండేళ్లకోసారి వస్తుంది. వేషాలేమిటో ఊళ్లో అందరికీ తెలుసు. అయినా యాత్ర దగ్గరపడితే జనం అడిగేవి రెండే: ఈసారి ఎన్ని రోజులు, ఏ వీధిలో ఏ రథం. పదేళ్ల సీరియల్ చూసేవాడికీ అంతే. హీరో గెలుస్తాడని వాడికి ఎప్పుడో తెలుసు. ఈసారి ఎంత నిడివి, ఎవరు ఏ వేషంలో, పోయినసారి ఆపిన చోటి నుంచి ఎత్తుకుంటారా లేదా, అది చెప్పు చాలు.

ఉదాహరణకు ‘ఫ్లాష్’ అనే అమెరికన్ సూపర్‌హీరో సీరియల్ తీసుకుందాం. మెరుపువేగంతో పరుగెత్తే బ్యారీయే ఆ ఫ్లాష్. 2014 అక్టోబర్ 7న మొదలై 2023 మేలో ముగిసింది. తొమ్మిది సీజన్లు, 184 ఎపిసోడ్లు. ముగిసిపోయిన సీరియల్‌తో సాధన చేస్తే ఒక లాభం ఉంది, నీ లెక్క ఎక్కడ తప్పిందో వెంటనే తెలిసిపోతుంది. దాని ఆరో సీజన్ మొదలయ్యే ముందు, 2019 సెప్టెంబర్‌లో నువ్వు ప్రివ్యూ రాస్తున్నావనుకో.

ముందు ఒక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీసుకో. సీరియల్ ఇచ్చిన మాట ఏమిటి, అది ఏ సీజన్ ఏ ఎపిసోడ్‌లో ఇచ్చింది, సరిగ్గా ఏ మాటల్లో ఇచ్చింది. మొదటి రెండు గళ్లు అందరూ నింపుతారు. రాసేవాడి పనితనం మూడో గడిలో ఉంటుంది.

ఫ్లాష్ మొదటి ఎపిసోడ్ చివర, బ్యారీకి గురువులా ఉండే శాస్త్రవేత్త వెల్స్ ఒక రహస్య గదిలో నిలబడి భవిష్యత్తు నాటి వార్తాపత్రిక చూస్తాడు. తేదీ 2024 ఏప్రిల్ 25. ఫ్లాష్ కనిపించడం లేదు, సంక్షోభంలో మాయమయ్యాడు అని శీర్షిక. అయిదు సీజన్లపాటు కాగితం మీద ఆ తేదీ అలాగే ఉంది. 2019 మే 14న అయిదో సీజన్ చివరి ఎపిసోడ్‌లో ఆ తేదీ మారి 2019 డిసెంబర్ 10 అయింది. పదేళ్ల గడువున్న బాకీ ఒక్కసారిగా ఏడు నెలలకు వచ్చిపడింది.

ఇక్కడ క్యాలెండర్ తియ్యి. 2019 డిసెంబర్ 10 మంగళవారం. ఆ సీరియల్ వచ్చేదీ మంగళవారమే. ఆరో సీజన్ మొదలు అక్టోబర్ 8. అక్కణ్ణుంచి డిసెంబర్ 10 దాకా పది మంగళవారాలు. మధ్యలో ఒక వారం ఖాళీ పోయిందనుకున్నా ఆ తేదీన పడేది తొమ్మిదో ఎపిసోడ్. అంటే సీజన్ సగం గడవకముందే అతి పెద్ద సంఘటన వచ్చేస్తుంది. మొదటి విలన్ బ్లడ్‌వర్క్ కథకు మిగిలేది ఎనిమిది ఎపిసోడ్లే. ఆ ఏడాది సీరియల్ బాధ్యత తీసుకున్న ఎరిక్ వాలెస్ సీజన్‌ను రెండు కథలుగా విడదీశాడు. ఆ పని ఎందుకు అవసరమైందో ఈ లెక్క నీ పాఠకుడికి విప్పి చెబుతుంది. ఇందులో ఊహ ఒక్కటి కూడా లేదు. తెర మీద కనిపించిన తేదీ, ఛానల్ చెప్పిన తేదీ, మధ్యలో వేళ్ల మీద లెక్క. ఇలాంటి పేరా ఒక్కటి ఉన్నా ప్రివ్యూ నిలబడుతుంది.

ఇప్పుడు మూడో గడికి రా. పత్రికలో ఉన్నమాట ‘మాయమయ్యాడు’. ‘చనిపోయాడు’ అని అక్కడ లేదు. ఆరో సీజన్ మొదలయ్యాక మానిటర్ అనే లోకాతీత వ్యక్తి వచ్చి ‘ఫ్లాష్ చావాలి’ అంటాడు. ఏ ఫ్లాష్ అన్నది చెప్పడు. ఆ వారం వ్యాసం రాసేవాడు తొందరపడి ‘బ్యారీ చనిపోబోతున్నాడు’ అని రాస్తే డిసెంబర్‌లో తల దించుకోవాల్సిందే. ఆ రాత్రి ప్రాణమిచ్చినవాడు 1990 నాటి పాత ఫ్లాష్ సీరియల్‌లోని బ్యారీ. అప్పట్లో ఆ వేషం కట్టిన జాన్ వెస్లీ షిప్పే మళ్లీ వచ్చి చేశాడు. సీరియల్ మాట తప్పలేదు, మాటలో ఉన్న సందును వాడుకుంది. ఇలాంటి సీరియళ్లు రాసేవాళ్లు ప్రతి మాటా తూచి వేస్తారు. నువ్వూ తూచే రాయాలి.

సందేహం ఉన్నచోట మూడు రకాల వాక్యాలు వాడు. ఛానల్‌గానీ నిర్మాతలుగానీ ప్రకటించినది: ‘ప్రకటించారు’. ట్రైలర్‌లోనో పాత ఎపిసోడ్‌లోనో కంటికి కనిపించినది: ‘చూపించారు’. నీ ఊహ: ‘అనుకుంటున్నాను’. ఈ మూడూ ఒకే వాక్యంలో కలపకు. నీ వ్యాసంలో రెండో పేరా అచ్చంగా ఈ కలగాపులగమే.

ఎపిసోడ్ల సంఖ్య దగ్గర కూడా ఇదే జాగ్రత్త. ఆరో సీజన్‌కు 22 ఎపిసోడ్లు అనుకున్నారు. 2020 మార్చిలో కరోనా వల్ల షూటింగ్ ఆగింది. 19వ ఎపిసోడ్‌తో ముగించేశారు. బ్యారీ భార్య ఐరిస్ అద్దాల లోకంలో చిక్కుకుపోయిన కథ తెగకుండానే ఏడో సీజన్‌కు దాటింది. కాబట్టి ‘22 ఎపిసోడ్లు వస్తాయి’ అనకు, ‘22 ఎపిసోడ్లకు అనుమతి వచ్చింది’ అను. సంఖ్య చెప్పి వదిలేయకు, అది కథను ఏం చేస్తుందో చెప్పు. మొదటి నాలుగు సీజన్లకు తలా 23 ఎపిసోడ్లు. ఒకే విలన్‌ను అంత దూరం లాగితే మధ్యలో బండి ఇసుకలో దిగబడుతుంది. చివరి సీజన్‌కు 13 మాత్రమే. అక్కడ బెంగ మరోటి, తొమ్మిదేళ్ల బాకీలన్నీ పదమూడు వారాల్లో తీరతాయా అని.

నటుల జాబితా చదవడం నేర్చుకో. ‘రెగ్యులర్’ అంటే సీజన్ అంతా ఒప్పందం ఉన్నవాళ్లు. ‘రికరింగ్’ అంటే కొన్ని ఎపిసోడ్లలో వచ్చిపోయేవాళ్లు. ‘గెస్ట్’ ఒకటి రెండిటికి. పోయిన సీజన్‌లో రికరింగ్‌గా ఉన్నవాణ్ణి ఈసారి రెగ్యులర్ చేశారంటే అతని పాత్రకు కథ రాశారన్నమాట. రెగ్యులర్ పేరు జాబితాలో లేకపోతే ఆ ఖాళీని ఎవరు పూడుస్తారన్నదే ప్రశ్న. ఏడో సీజన్‌లో కార్లోస్ వాల్డెస్, టామ్ కావనా ఇద్దరూ తప్పుకున్నారు. ఎనిమిదో సీజన్ ప్రివ్యూ అక్కణ్ణుంచే మొదలవ్వాలి. ఆ కావనాతో ఇంకో చిక్కు ఉంది. మొదటి సీజన్‌లో అతను వెల్స్ ముఖం వేసుకున్న విలన్ థాన్. రెండో సీజన్‌లో హ్యారీ, మూడులో ఎచ్.ఆర్., అయిదులో షెర్లాక్, ఆరులో నాష్. ముఖం ఒకటే, మనిషి వేరు. ‘వెల్స్ తిరిగొస్తున్నాడు’ అని రాస్తే ఏ వెల్స్ అని చదివేవాడు అడుగుతాడు.

బ్లడ్‌వర్క్ వేసిన సెంథిల్ రామమూర్తి పేరు చూడగానే మనవాడన్న ముచ్చటతో సగం వ్యాసం నింపేయాలనిపిస్తుంది. ఒక్క వాక్యం చాలు. చికాగోలో పుట్టాడు, 2006లో మొదలైన ‘హీరోస్’ సీరియల్‌లో మోహిందర్ సురేశ్‌గా చేశాడు. ఆ వాక్యం అయ్యాక పాత్రలోకి వెళ్లిపో.

ఈ సీరియళ్లకు మూలమైన కామిక్స్ చదివావు, సంతోషం. కానీ ఆ చదువే నిన్ను పడగొడుతుంది. కామిక్స్‌లో సావిటార్ అనే విలన్ ప్రచ్ఛన్నయుద్ధకాలపు పైలట్. మూడో సీజన్‌లో ముసుగు తీస్తే అతను బ్యారీయే, కాలప్రయాణంలో మిగిలిపోయిన బ్యారీ. పేరు మాత్రం తెచ్చుకుని మనిషిని మార్చేశారు. కామిక్స్ సంగతి రాయాలంటే ‘పుస్తకాల్లో ఇలా ఉంది’ అని అక్కడికే కట్టిపెట్టు.

ట్రైలర్ గురించి. ఫ్లాష్ లాంటి అమెరికన్ ఛానళ్ల సూపర్‌హీరో సీరియళ్లకు తొలి ట్రైలర్ తరచు జులైలో శాన్‌డియేగో కామిక్ కాన్ మేళాలో బయటికొచ్చేది. వాంకూవర్‌లో ఫ్లాష్ షూటింగ్ కూడా దాదాపు అప్పుడే మొదలయ్యేది. ఒక ఎపిసోడ్ తియ్యడానికి ఎనిమిది తొమ్మిది పనిదినాలు పట్టేవి. ఇక ఆ ట్రైలర్‌లో కొత్త సీజన్ ఎంత ఉంటుంది? ఒకటి రెండు ఎపిసోడ్ల ముక్కలు, మిగతాది పాత సీజన్ల కోత. అందుకని మొదట ధ్వని ఆపేసి చూడు. ఒక్కో షాట్ దగ్గర ఆపి దుస్తులు, జుట్టు, గది గోడలు పోయిన సీజన్‌తో పోల్చు. పాత షాట్లు కొట్టేయగా మిగిలినవే నీ సరుకు. తర్వాత ధ్వని పెట్టి, పెదవులు కదలకుండా వినిపించే డైలాగులన్నీ పక్కన పెట్టు. ఒక సన్నివేశం మాట ఇంకో సన్నివేశం బొమ్మ మీద అతికించడం ట్రైలర్ చేసేవాళ్లకు రోజూ పనే. ‘ఐరిస్ బ్యారీతో ఇలా అంటుంది’ అని నువ్వు రాసే మాట ఆమె వేరే ఎవరితోనో అని ఉండొచ్చు.

తేదీలు మనవాళ్లకు పనికొచ్చేలా రాయి. అమెరికా తూర్పుతీరంలో మంగళవారం రాత్రి ఎనిమిదంటే మనకు బుధవారం పొద్దున్న అయిదున్నర. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు. అప్పట్నుంచి మార్చి దాకా ఆరున్నర. ఆరో సీజన్ మొదటి ఎపిసోడ్ అక్కడ అక్టోబర్ 8 రాత్రి, ఇక్కడ దసరా మర్నాడు తెల్లవారుజాము. డిసెంబర్ 10 నాటిది మనకు 11న ఆరున్నరకు. ఈ తేడా రాయకపోతే చదివినవాడు ఒకరోజు ముందే ఎదురుచూసి విసుక్కుంటాడు. మనదేశంలో ఏ వేదిక మీద ఎప్పుడు వస్తుందన్నది వేరే సంగతి. ఆ వేదిక తనంతట తాను చెప్పేదాకా తేదీ వెయ్యకు.

మధ్యలో మానేసినవాళ్లను మరిచిపోకు. మూడో సీజన్‌తో ఆపేసి మళ్లీ చూద్దామనుకునేవాడు ప్రతి వాడలోనూ ఉంటాడు. వంద ఎపిసోడ్లు చూసి రమ్మంటే రాడు. వాడికి నాలుగైదు ఎపిసోడ్లు ఎంచి ఇవ్వు. ఒక్కోటి 42 నిమిషాల లెక్కన అయిదు చూసినా మూడున్నర గంటలే, ఒక ఆదివారం మధ్యాహ్నం. మొట్టమొదటిది, పోయిన సీజన్ చివరిది తప్పనిసరి. మిగతావి నీ బాకీల పద్దులోంచే వస్తాయి. ఏ బాకీకి ఏ ఎపిసోడో ఒక్కో వాక్యంలో చెప్పు.

ఇక భాష. మీ ఊళ్లో పాఠాలు చెబుతూనే గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం పోరాడారు. ఆ ఊళ్లో కూర్చుని ‘అతిలోక పరాక్రమశాలి’ అని రాస్తావా? సూపర్‌హీరో అను. మన పిల్లల్లో చాలామంది బడిలో ఒడియా చదువుకుంటారు, తెలుగు ఇంట్లో మాట్లాడతారు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు మూడు వరుసల వాక్యం మధ్యలో జారిపోతాడు. పది పన్నెండు మాటలు దాటితే వాక్యం విరిచెయ్యి. పేర్లకు మొదట్లోనే ఒక చీటీ రాసుకో. బ్యారీ అంటే చివరిదాకా బ్యారీయే, నడుమ బారీ, బేరీ రాకూడదు. నీ వ్యాసంలో హీరో పేరే మూడు రకాలుగా ఉంది. సీజన్, ఎపిసోడ్, ట్రైలర్, విలన్ అలాగే ఉంచు.

నిడివి ఏడెనిమిది వందల మాటలు. ఎప్పుడు, ఎక్కడ అన్నది మొదటి రెండు వాక్యాల్లో వచ్చెయ్యాలి. పోయిన సీజన్ ఆగిన చోటు వంద మాటలకు మించకూడదు. బాకీలు మూడే ఎంచు, వాటికి సగం వ్యాసం ఇవ్వు. బొమ్మ ఒకటి చాలు, అదీ ఛానల్ విడుదల చేసినదే. అచ్చుకు పంపే రోజు పొద్దున్న తేదీ, ఎపిసోడ్ల సంఖ్య, రెగ్యులర్ల పేర్లు మరోసారి సరిచూసుకో. అవి ఆఖరి నిమిషంలో మారతాయి.

రాబోయే సీజన్ వ్యాసాన్ని ఇప్పుడే తిరగరాయకు. ముందు ఫ్లాష్ ఆరో సీజన్ మీద, 2019 సెప్టెంబర్ ఆఖరివారంలో కూర్చున్నట్టుగా ఒక ప్రివ్యూ రాసి పంపు. ఆ తేదీ తర్వాత బయటపడ్డది ఒక్క ముక్క కూడా అందులో ఉండకూడదు. దానితోపాటు మూడు గళ్ల కాగితం కూడా జత చెయ్యి, ముందు అదే చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు