మూడు టచ్‌స్క్రీన్ మెషిన్లు వద్దు, ముందు ఒక్క చోటు చూడండి

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి నల్గొండకు వచ్చేశాను. పీఎఫ్, పొదుపు కలిపి 6 లక్షలు ఉన్నాయి. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, జీతం 14,000. ఇంటి ఖర్చు నెలకు 24,000. డబ్బు కడితే చిప్స్, నీళ్ల సీసాల్లాంటివి తనంతట తానే ఇచ్చే వెండింగ్ మెషిన్ల వ్యాపారం చేద్దామనుకుంటున్నాను. ఒక కంపెనీ వాళ్లు మూడు టచ్‌స్క్రీన్ మెషిన్లు 9 లక్షలకు ఇస్తామని, తక్కువ పడిన 3 లక్షలకు లోన్ కూడా ఇప్పిస్తామని అంటున్నారు. ఏ రకం మెషిన్ తీసుకుంటే మంచిది? – ఓ పాఠకుడు, నల్గొండ

జవాబు: మీ ప్రశ్న మెషిన్ గురించే అయినా, నన్ను టెన్షన్ పెట్టింది ఆ 3 లక్షల లోను. 12 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే నెల వాయిదా 9,964 రూపాయలు. మెషిన్లు ఆ డబ్బు సంపాదించి పెడతాయో లేదో ముందు చూద్దాం.

ఒక మెషిన్‌లో రోజుకు 50 వస్తువులు అమ్ముడయ్యాయి అనుకోండి. ఒక్కోటి సగటున 20 రూపాయలు. నెలకు 30,000 అమ్మకం. నీళ్ల సీసాల మీద కాస్త ఎక్కువ, బిస్కెట్లు, చిప్స్ మీద తక్కువ మిగులుతుంది. సగటున 20 శాతం వేసుకుంటే 6,000. చల్లదనం ఉన్న మెషిన్ రోజుకు 6 యూనిట్లు తాగినా, కమర్షియల్ రేటు యూనిట్‌కు 10 రూపాయల లెక్కన 1,800 కరెంటు బిల్లు. స్థలం అద్దె 2,000. సిమ్, సాఫ్ట్‌వేర్ చార్జీ 500. పెట్రోలు, తేదీ దాటిన సరుకు 700. ఇవన్నీ పోగా చేతికొచ్చేది 1,000. మూడు మెషిన్లకు 3,000. వాయిదా మాత్రం 9,964. అంటే నెలనెలా దాదాపు 7,000 మీ భార్య జీతంలోంచే కట్టాలి. రోజుకు 50 అమ్మడం కూడా మన ఊళ్లలో చిన్న విషయం కాదు. ఎమ్మార్పీ మీద రూపాయి కూడా ఎక్కువ తీసుకోకూడదు కాబట్టి, చల్లగా ఇస్తున్నాం కదా అని ధర పెంచే దారి కూడా లేదు.

అందుకే మెషిన్ ఎంత ఖరీదైతే రోజుకు అన్ని ఎక్కువ అమ్మాలి. మీ కష్టానికి కూలి వేసుకోకుండానే, 3 లక్షల మెషిన్ అయిదేళ్లలో తన ఖరీదు తాను తిరిగి తెచ్చుకోవాలంటే రోజుకు సుమారు 83 వస్తువులు పోవాలి. అదే లక్షన్నర మెషిన్‌కు 63 చాలు. టచ్‌స్క్రీన్ వల్ల ఒక్క బిస్కెట్ ప్యాకెట్ కూడా అదనంగా అమ్ముడుపోదు. అంకెల బటన్లు, చిన్న డిస్‌ప్లే ఉన్న మామూలు స్ప్రింగ్ మెషిన్ (స్ప్రింగ్ తిరిగి వస్తువును ముందుకు తోసి కింద పడేసేది) సరిపోతుంది.

ఇక చోటు సంగతి. నల్గొండ క్లాక్ టవర్ దగ్గర నాలుగడుగులు వేస్తే కిరాణా కొట్టు, చాయ్ బండి ఉంటాయి. అక్కడ మెషిన్ ఎవరికీ అక్కర్లేదు. కొట్టు లేని చోట, కొట్టు మూసేసిన వేళలోనే దానికి గిరాకీ. చౌటుప్పల్ వైపు ఫ్యాక్టరీల్లో నైట్ షిఫ్టు, నార్కట్‌పల్లి, నల్గొండ ఆసుపత్రుల్లో రాత్రిపూట అటెండెంట్లు, కాలేజీ హాస్టళ్లు, మిర్యాలగూడ రైస్ మిల్లుల ఆఫీసులు. వీటిలో ఒక్కటి ఎంచుకుని, మూడు రోజులు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా కూర్చుని, ఎంతమంది బయటికెళ్లి ఏం కొనుక్కొస్తున్నారో నోట్‌బుక్‌లో రాయండి. వాళ్లు ఒప్పుకుంటే రెండు వారాలు టేబుల్ వేసి, ఐస్ బాక్సులో నీళ్లు, పక్కన బిస్కెట్లు పెట్టి అమ్మి చూడండి. మూడు, నాలుగు వేల ఖర్చుతో తేలిపోతుంది.

పోయినేడు మహబూబ్‌నగర్‌లో ఓ ఆసుపత్రిలో మా మామయ్యకు తోడుగా ఒక రాత్రి ఉన్నాను. వరండాలో మెషిన్ ఉంది. ఒకాయన క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఇరవై రూపాయలు కట్టాడు. స్ప్రింగ్ తిరిగింది, చిప్స్ ప్యాకెట్ ముందుకొచ్చి స్ప్రింగ్ కొసకు వేలాడుతూ ఆగిపోయింది. అద్దం మీద కొట్టాడు, రెండుసార్లు ఊపాడు, పడలేదు. దాని మీదున్న ఫోన్ నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. కాసేపటికి ఓ పెద్దమ్మ ఇరవై నోటు పట్టుకుని వచ్చింది, నోటు పెట్టే చోటే లేదు. తెల్లారేదాకా ఎవరొచ్చినా ఆ వేలాడే ప్యాకెట్ చూసి, గేటు బయట బండి దగ్గరికే వెళ్లారు. ఆ పెద్దమ్మ ఖాళీ చేతులతో వెనక్కి తిరిగింది నాకింకా గుర్తే.

అందుకే కొనేటప్పుడు మొదట అడగాల్సింది డ్రాప్ సెన్సర్. వస్తువు కింద పడకపోతే మెషిన్‌కు తెలియాలి, డబ్బు దానంతటదే వెనక్కి వెళ్లాలి. మీ ముందే ఒక ప్యాకెట్‌ను కావాలని ఇరికించి చూపించమనండి. స్ప్రింగ్ చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం మీరు అమ్మే ప్యాకెట్‌కు సరిపోవాలి. లావు చిప్స్ ప్యాకెట్‌కూ సన్నటి చాక్లెట్‌కూ ఒకే స్ప్రింగ్ పనికిరాదు. నీళ్ల సీసాలు అడుగు వరుసలోనే పెట్టాలి. 60 అరలు ఎందుకు? 30, 40 అరలు ఉంటే, ఎక్కువగా పోయే సరుకునే రెండు, మూడు అరల్లో నింపుకోవచ్చు.

రెండోది వేడి. నల్గొండ ఎండాకాలం 44, 45 డిగ్రీలు మీకు చెప్పక్కర్లేదు. మెషిన్ ఎన్ని డిగ్రీల వేడి వరకు పనిచేస్తుందో వెనక స్టిక్కర్ మీద చూడండి. 32 అని ఉంటే అది ఏసీ హాల్ కోసం చేసింది. దాన్ని వరండాలో పెడితే మేలో కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, చివరికి అదీ పోతుంది.

డబ్బు మీ ఖాతాలోకే నేరుగా రావాలి. కొన్ని కంపెనీలు అమ్మకం డబ్బు తమ ఖాతాలోకి తెప్పించుకుని వారానికోసారి పంపుతామంటాయి. దానికి ఒప్పుకోకండి. మెషిన్ పెట్టే చోట సిగ్నల్ ఉందో లేదో మీ ఫోన్‌తోనే చూసుకోండి. ఫ్యాక్టరీలో, హాస్టల్లో యూపీఐ ఒక్కటి చాలు. ఆసుపత్రిలో మాత్రం నోట్లు తీసుకునే మెషిన్ ఉండాల్సిందే, నలిగిన నోటు ఇరుక్కుంటుందని తెలిసినా సరే.

రిపేరు గురించి రాతపూర్వకంగా తీసుకోండి. టెక్నీషియన్ ఎక్కడి నుంచి వస్తాడు, ఎన్ని గంటల్లో వస్తాడు? రెండు మోటార్లు, నాలుగు స్ప్రింగులు అదనంగా అదే ధరలో ఇవ్వమనండి. మోటారు మార్చడం మీరే నేర్చుకోవచ్చు, కష్టమేం కాదు.

నన్నడిగితే మీ మొదటి మెషిన్ ఈ స్ప్రింగ్ మెషిన్ కూడా కాదు. ప్రీమిక్స్ (ముందే అన్నీ కలిపి ఉన్న పొడి) చాయ్, కాఫీ మెషిన్. మూడు రకాలు ఇచ్చేది సుమారు 25,000కు వస్తుంది. కిలో పొడి 350 అనుకుంటే 70 కప్పులు, అంటే కప్పుకు 5 రూపాయలు. పేపర్ కప్పు 70 పైసలు. 10కి అమ్మితే 4.30 మిగులుతుంది. ఏదైనా ఫ్యాక్టరీలో రోజుకు 100 కప్పులు, నెలకు 26 రోజులు పోతే 11,180. కరెంటు, వాటర్ క్యాన్, అద్దె కలిపి 3,500 తీసేసినా 7,500కు పైనే. నెలాఖరున కంపెనీయే కప్పుల లెక్కన బిల్లు కట్టేలా మాట్లాడుకోండి. పాల చాయ్ తాగేవాళ్లు మొదట్లో ముఖం తిప్పుకుంటారు కాబట్టి రెండు, మూడు రకాల పొడులు రుచి చూపించి, వాళ్లు మెచ్చిందే పెట్టండి. బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన నీళ్లకు హీటర్ మీద తెల్లగా గార కడుతుంది. క్యాన్ నీళ్లే వాడండి, అయినా నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడగాలి. పొడి కలిసే గిన్నెలు రోజూ రాత్రి కడగకపోతే రెండో రోజుకే వాసన వస్తుంది.

మీ 6 లక్షల్లో లక్షన్నర ఇంటి కోసం ఎఫ్‌డీలో వేసేయండి, అది ఆరు నెలల ఖర్చు. చాయ్ మెషిన్, సరుకు కలిపి 40,000. కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో శిశు లోను కింద 50,000 వరకు తాకట్టు లేకుండా ఇస్తారు, కావాలంటే అది తీసుకుని సరిగ్గా కట్టండి, బ్యాంకులో పేరు వస్తుంది. మూడు నెలలు నడిచాక, అదే చోట టేబుల్ అమ్మకం రోజుకు 63 దాటిందంటేనే లక్షన్నర స్ప్రింగ్ మెషిన్ ఒకటి కొనండి. మిగతాది ముట్టుకోవద్దు. మొదలుపెట్టేముందే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించండి.

ఆ కంపెనీకి అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రసీదు, ఒప్పందం కాపీ పంపండి. డబ్బు వెనక్కి తీసుకునే దారి అందులో ఏముందో చదివి చెబుతాను.