గుంజన్ సినిమా మీద మా చిన్నబాపు పెట్టిన పేచీ

"మిలిటరీలో మొదటగా అడుగుపెట్టినవాళ్ల మీద తీసే సినిమాల్లో నిజమెంత, కల్పనెంత?" అని అడిగారు. శాతాలు చెప్పలేను గానీ, ఈ సినిమాల్లో అసలు అబద్ధం ఫైటింగుల్లో ఉండదు, తలకాయల లెక్కలో ఉంటుంది. ఇద్దరున్న చోట ఒక్కరినే చూపిస్తారు.

కార్గిల్ యుద్ధంలో హెలికాప్టర్ నడిపిన వాయుసేన పైలట్ గుంజన్ మీద తీసిన 'గుంజన్ సక్సేనా' 2020 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు మిర్యాలగూడలో ఇంటిల్లిపాదీ నా లాప్‌టాప్ ముందు కూర్చున్నాం. మా చిన్నబాపు ఆర్మీలో లారీ నడిపి హవల్దారుగా రిటైరయ్యాడు. కార్గిల్ అప్పుడు శ్రీనగర్ దిక్కే సామాన్లు మోశాడు. గుంజన్ వేషం వేసిన జాన్వీ కపూర్‌తో మగ ఆఫీసరు చేతి కుస్తీ పట్టే సీను రాగానే లేచి కూర్చున్నాడు.

"ఆపు బిడ్డా, జర ఆపు. ఆఫీసర్లు గిట్ల కుస్తీలు ఏడ పడతరు? మెస్సుల గట్టిగ దగ్గితెనే తిరిగి చూస్తరు!"

ఎల్లిగడ్డ ఒలుస్తున్న చిన్నమ్మ "నీ నస బందువెట్టు, పోరగాండ్లను సూడనియ్యి" అని కసిరింది. ఆయన ఆగితేగా. క్లైమాక్సులో మళ్లీ మొదలు: "చీతాకు తుపాకే ఉండదు. దెబ్బలు తాకినోళ్లను తెచ్చి దించుతది, మళ్ల లేస్తది. దినమంత గదే పని. గది సూపెట్టరాదు?"

ఆయన అన్నది నిజమే. చీతా నిరాయుధ హెలికాప్టర్. 1999లో వాటితో చేసింది గాయపడినవాళ్లను మోయడం, సామాన్లు జారవిడవడం, శత్రువు ఎక్కడున్నాడో కనిపెట్టి చెప్పడం. పైలట్ దగ్గర ఉంటే గింటే ఆత్మరక్షణకు ఓ ఇన్సాస్ రైఫిల్, ఓ రివాల్వర్. ఆ కొండల్లో రోజూ అలా ఎగరడమే పెద్ద కథ. సినిమావాళ్లకు మాత్రం అది చాల్లేదు, విలన్ కావాలి. తమను చెడ్డగా చూపించారని వాయుసేన సెన్సార్ బోర్డుకు అభ్యంతరం రాసింది. సంస్థగా వాయుసేన తన మీద వివక్ష చూపలేదని గుంజన్ గారే ఢిల్లీ హైకోర్టుకు చెప్పారు.

ఇక నా అసలు కోపం. 1996లో ఉధంపూర్ యూనిట్‌కు వెళ్లింది గుంజన్ ఒక్కతే కాదు, శ్రీవిద్యా రాజన్ కూడా. కార్గిల్ యుద్ధానికి శ్రీనగర్ వెళ్లిన మొదటి మహిళా పైలట్‌ను తానేనని, గుంజన్ కొన్ని రోజుల తర్వాత వచ్చిందని శ్రీవిద్య సినిమా వచ్చాక ఫేస్‌బుక్‌లో రాశారు. సౌకర్యాల్లేక ఇబ్బందిపడ్డది నిజమేగానీ సినిమాలో చూపిన ఆ చేతి కుస్తీ బలప్రదర్శన మాత్రం జరగలేదని కూడా రాశారు. అంటే చిన్నబాపు పేచీ ఉత్తదేం కాదు. సినిమాలో శ్రీవిద్య మచ్చుకైనా లేదు. ఒక్క పిల్ల, చుట్టూ వంకర చూపుల మగాళ్లు, అంతే. పక్కన ఇంకో ఆడపిల్ల ఉంటే కన్నీళ్లు సగమైపోతాయని భయం కాబోలు.

వాళ్లకంటే ముందు 1994లో ఆవ్రో విమానాన్ని సోలోగా నడిపిన హరితా కౌర్ దేఓల్ సంగతి ఎవరికి పట్టింది? 1996 డిసెంబరులో ఆమె చనిపోయింది మన తెలుగు నేల మీదే, ప్రకాశం జిల్లా బుక్కాపురం దగ్గర ఆవ్రో కూలిపోయి. పాతికేళ్ల పిల్ల. పైలట్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ మన దుండిగల్‌లో ఉంది, అయినా మన నిర్మాతలకు ఆ కథ కనపడదు.

మనవాళ్లూ తక్కువ తినలేదు. 'ఘాజీ' చూసి అందరం చప్పట్లు కొట్టాం. 1971లో విశాఖ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునగడం నిజం, దాన్ని మన సబ్‌మెరైన్ ముంచిందన్నది కల్పన. మన నేవీ ఆ ఘనత ఇచ్చేది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకకు. పాకిస్తాన్ అదీ ఒప్పుకోదు, లోపలే ఏదో పేలిందంటుంది. సినిమా మొదట్లో ఇదంతా కల్పన అని కార్డు వేస్తారు సరే, అది ఇంగ్లీషులో, కళ్లజోడు పెట్టుకునే లోపు పోతుంది.

2022 నుంచి మిలిటరీ ఆఫీసర్లను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ)లో అమ్మాయిలను కూడా తీసుకుంటున్నారని మా చిన్నబాపు మనవరాలు కోచింగ్‌లో చేరింది. ఆ సెంటర్ గోడ మీద జాన్వీ కపూర్ నిలువెత్తు పోస్టర్. శ్రీవిద్యా రాజన్ ఫొటో ఏదని అడిగితే, "ఏ సినిమా హీరోయిన్ మేడమ్?" అన్నాడు అక్కడి సారు.