డిస్నీకి వెళ్తున్నారా? టికెట్లకంటే ముందు రోజులు లెక్కేసుకోండి

అమెరికా వచ్చి ఏడాది తిరక్కుండానే ప్రతి ఇంట్లోనూ ఈ మాట మొదలవుతుంది. స్కూల్లో పిల్ల పక్కన కూర్చునే అమ్మాయి మిక్కీ చెవులు పెట్టుకుని వస్తుంది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో "మనమెప్పుడు వెళ్తాం?" అని గొడవ. తండ్రి సైటు తెరిచి, నలుగురికి ఎంతవుతుందో చూసి, మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, ల్యాప్‌టాప్ మూసేస్తాడు. ఆ తర్వాత నాలాంటి పాతకాపులకి ఫోన్ వస్తుంది: "అన్నా, చవగ్గా వెళ్లొచ్చే దారేమైనా ఉందా?"

ఉంది. కాకపోతే అందరూ అడిగేది టికెట్ల మీద డిస్కౌంట్ గురించి, అక్కడ మిగిలేది తక్కువ. కంపెనీ ఉద్యోగులకిచ్చే డిస్కౌంట్ పోర్టల్, డిస్నీ గుర్తింపు ఉన్న టికెట్ ఏజెంట్లు, టార్గెట్ స్టోర్ కార్డు మీద 5 శాతం తక్కువకి దొరికే డిస్నీ గిఫ్ట్ కార్డులు, ఇవన్నీ చూడండి, తప్పులేదు. అన్నీ కలిపినా ఒక పూట భోజనం ఖర్చు మిగులుతుంది. పెద్ద డబ్బు మిగిలేదీ పోయేదీ మీరు ఏ వారం వెళ్తారు, ఎన్ని రోజులు ఉంటారు అన్న దాని మీదే.

ముందు తేదీల సంగతి. ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న డిస్నీ వరల్డ్ 2018 నుంచి టికెట్ ధరని తేదీని బట్టి మారుస్తోంది. ఒక్కరోజు టికెట్ ఖాళీ రోజుల్లో 120 డాలర్ల దగ్గర మొదలై, క్రిస్మస్ వారంలో 200 చుట్టుపక్కలకి ఎక్కుతుంది. హోటళ్లూ విమానాలూ అదే బాట. మనవాళ్లకి సెలవులు కలిసొచ్చేది థాంక్స్‌గివింగ్‌కీ, క్రిస్మస్‌కీ కాబట్టి సరిగ్గా అప్పుడే బయల్దేరి, ఎక్కువ డబ్బు కట్టి, ఒక్కో రైడ్‌కి గంటన్నర నిలబడి వస్తారు. పిల్లలు ఇంకా కిండర్‌గార్టెన్ లోపే ఉంటే జనవరి చివర్లోనో, థాంక్స్‌గివింగ్ అయిపోయాక డిసెంబర్ మొదట్లోనో వెళ్లండి.

న్యూజెర్సీ, న్యూయార్క్ వైపు ఉన్నవాళ్లకి ఇంకో అవకాశం ఉంది, చాలామంది గమనించరు. అక్కడ చాలా స్కూళ్లు లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) తర్వాతే తెరుస్తారు. ఫ్లోరిడా, జార్జియా, టెక్సస్‌లలో ఆగస్టు సగానికల్లా తెరిచేస్తారు. అంటే ఆగస్టు ఆఖరి వారంలో మీ పిల్లలకి సెలవులు, అక్కడి పిల్లలకి బడి, కాబట్టి పార్కులో రద్దీ తక్కువ. ఎండ మాడ్చేస్తుంది, మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పడే రోజులే ఎక్కువ. మే నెల ఎండల్లో క్రికెట్ ఆడినవాళ్లం, ఆ మాత్రం తట్టుకోలేమా! జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫాన్ల కాలం కాబట్టి క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కొచ్చే బుకింగే చేయండి. రెయిన్ కోట్లు డాలర్ స్టోర్‌లో కొని బ్యాగ్‌లో పడేసుకోండి. వాన మొదలయ్యాక పార్కులో కొంటే దాని ధర వేరు.

ఇక పిల్లల వయసు. మూడేళ్లు నిండనివాళ్లకి టికెట్ అక్కర్లేదు. మూడు నుంచి తొమ్మిదేళ్ల వరకు పిల్లల టికెట్ అని పేరే గానీ పెద్దల ధరకీ దానికీ తేడా కొన్ని డాలర్లే. పదేళ్లు నిండితే పెద్దల లెక్కే. నా మాట వింటే, మూడు నిండని పిల్ల ఉందని "ఫ్రీ కదా" అనుకుని పరుగెత్తొద్దు. ఆ పిల్లకి ఏమీ గుర్తుండదు, టికెట్ కొన్న మీరిద్దరూ స్ట్రోలర్ తోసుకుంటూ తిరుగుతారు. అయిదారేళ్లు వచ్చేదాకా ఆగితే ఆ డబ్బుకి విలువ ఉంటుంది.

ఎత్తు కూడా ఇంట్లోనే కొలిచి చూసుకోండి. డిస్నీ వరల్డ్‌లోని పార్కుల్లో ఒకటైన మేజిక్ కింగ్డమ్‌లో సెవెన్ డ్వార్ఫ్స్ రైడ్‌కి 38 అంగుళాలు, అదే పార్కులో ట్రాన్ రైడ్‌కి 48, ఇంకో పార్కు యానిమల్ కింగ్డమ్‌లో అవతార్ రైడ్ ఫ్లైట్ ఆఫ్ పాసేజ్‌కి 44 ఉండాలి. గేటు దగ్గర కర్ర పట్టుకుని కొలుస్తారు, అర అంగుళం తక్కువైనా పంపరు. బూట్లలో ఏదైనా పెట్టి ఎక్కిద్దామన్న తెలివితేటలు వద్దు, అది పిల్లల ప్రాణానికి సంబంధించిన విషయం. ఒకరు ఎక్కగలిగి ఒకరు ఎక్కలేని పిల్లలుంటే లైన్ మొదట్లో నిలబడ్డ ఉద్యోగిని రైడర్ స్విచ్ అడగండి. అమ్మానాన్నల్లో ఒకరు చిన్నవాడితో బయట ఉంటారు, మొదటివాళ్లు వచ్చాక రెండోవాళ్లని మళ్లీ మామూలు లైన్‌లో నిలబెట్టకుండా పంపుతారు. పైసా ఖర్చులేదు. పెద్ద పిల్లకి రెండుసార్లు ఎక్కే ఛాన్స్ కూడా దొరుకుతుంది.

ఎన్ని రోజులు? ఎక్కువ రోజుల టికెట్ కొన్నకొద్దీ రోజుకి పడే ధర తగ్గుతుంది. నాలుగు రోజుల టికెట్‌కి ఐదో రోజు కలిపితే పెరిగేది కొంచెమే. మనవాళ్లు పడిపోయేది ఇక్కడే. "ఇంత దూరం వచ్చాం, ఇంకాస్త పెడితే ఇంకో రోజు వస్తోందిగా" అంటారు. ఆ రోజుకి హోటల్ గది అద్దె, కారు పార్కింగ్‌కి ఓ 30 డాలర్లు, నలుగురికి తిండి, సాయంత్రానికి అలసిపోయి ఏడ్చే పిల్లాడి నోరు మూయించడానికి కొనే బొమ్మ, అన్నీ కలిపితే టికెట్‌కి పెట్టినదానికి ఎన్నో రెట్లు. ఏడెనిమిదేళ్ల లోపు పిల్లలకి నేను చెప్పేది ఇది: మేజిక్ కింగ్డమ్ రెండు రోజులు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి, ఓపిక ఉంటే యానిమల్ కింగ్డమ్ ఒక రోజు. ఒకే రోజు రెండు పార్కులు తిరగడానికి పార్క్ హాపర్ అని అదనంగా అమ్ముతారు, చిన్నపిల్లలతో దాని జోలికి పోవద్దు. విశ్రాంతి రోజు పొద్దున హోటల్ స్విమ్మింగ్ పూల్, సాయంత్రం షాపులూ రెస్టారెంట్లూ ఉండే డిస్నీ స్ప్రింగ్స్. అక్కడ ప్రవేశమూ పార్కింగూ రెండూ ఉచితమే.

పిల్లలు టీనేజర్లయితే కథ వేరు. వాళ్లకి ఓర్లాండోలోనే ఉన్న యూనివర్సల్ పార్కులు నచ్చుతాయి, అక్కడ 2025 మే 22న ఎపిక్ యూనివర్స్ అనే కొత్త పార్కు కూడా తెరిచారు. ఒకే ట్రిప్పులో డిస్నీ, యూనివర్సల్ రెండూ పెట్టుకోవద్దు. ఏదీ సరిగా చూడరు, బిల్లు మాత్రం రెండింటిదీ వస్తుంది.

లైన్ దాటవేసే పాస్ గురించి కూడా అడుగుతారు. డిస్నీలో దాన్ని లైట్‌నింగ్ లేన్ అంటారు. రద్దీ రోజుల్లో మేజిక్ కింగ్డమ్‌లో మనిషికి 30 డాలర్లు దాటుతుంది, నలుగురుంటే అదొక టికెట్ ఖరీదు. నేను చెప్పిన వారాల్లో వెళ్తే అవసరం పడదు. దానికి బదులు గేటు తెరవకముందే అక్కడుండండి. మొదటి రెండు గంటల్లో ఎక్కినన్ని రైడ్లు మధ్యాహ్నమంతా తిరిగినా ఎక్కలేరు. డిస్నీ సొంత హోటళ్లలో దిగితే మరో అరగంట ముందే లోపలికి వదులుతారు. ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటి వాటి అద్దె చూసి బెదిరిపోకండి. అక్కడ రిసార్ట్ ఫీజు లేదు, పార్కుల దగ్గర పార్కింగ్ ఫ్రీ, బస్సులు ఫ్రీ. బయటి హోటల్‌తో పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపి పోల్చండి. 2025 మే నుంచి రిసార్ట్ ఫీజు లాంటి తప్పనిసరి చార్జీల్ని హోటళ్లు మొదటే చూపించే ధరలో కలపాలన్న రూల్ వచ్చింది గానీ, పన్ను, పార్కింగ్ వేరుగా ఉండొచ్చు. ఓర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో హోటల్ గది మీద పన్నే 12.5 శాతం.

నాలుగైదు కుటుంబాలు కలిసి ఓర్లాండో చుట్టుపక్కల కిస్సిమ్మీలోనో, డేవెన్‌పోర్ట్‌లోనో పూల్ ఉన్న విల్లా తీసుకోవడం మనవాళ్లకి ఇష్టం. తలా కొంత పడుతుంది, వంటగది ఉంటుంది, రాత్రి కబుర్లు అదనం. బుక్ చేసేముందు క్లీనింగ్ ఫీజు ఎంతో, చలికాలమైతే పూల్ వేడి చేయడానికి వేరే చార్జీ ఉందేమో చూడండి. చిక్కల్లా పొద్దున వస్తుంది. ఒకరి స్నానం, ఒకరి కాఫీ, ఒకరి పిల్లాడు లేవలేదు, బయల్దేరేసరికి పదకొండు. ఖరీదైన టికెట్‌లో మంచి సమయం విల్లాలోనే అయిపోతుంది. కలిసి ఉండండి, పార్కుకి మాత్రం ఎవరి కారులో వాళ్లు, ఎవరి టైముకి వాళ్లు వెళ్లండి.

తిండి దగ్గర మనం గట్టి పిండాలం. డిస్నీలో ఇంటి తిండి లోపలికి తీసుకెళ్లనిస్తారని తెలియక చాలామంది పిల్లలకి పూటపూటా పిజ్జా కొనిపెడుతుంటారు. తీసుకెళ్లొచ్చు. గాజు సీసాలు, డ్రై ఐస్, విడి ఐస్ ముక్కలు మాత్రం కుదరవు, ఐస్ ప్యాకులు ఓకే. కాబట్టి ఆవకాయ సీసా విల్లాలోనే ఉండాలి, కావలసింది చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి తీసుకోండి. సెక్యూరిటీ దగ్గర స్టీలు డబ్బా చూసి మూత తీయమనొచ్చు. తీసి చూపించండి, పసుపుపచ్చటి అన్నంలో వేరుశెనగలు చూసి నవ్వి పంపేస్తారు. చింతపండు పులిహోర సాయంత్రం దాకా నిలుస్తుంది, చపాతీ రోల్స్ అయినా బావుంటాయి. పెరుగన్నం ఐస్ ప్యాక్ లేకుండా వద్దు, ఫ్లోరిడా ఎండకి మధ్యాహ్నానికే పులిసిపోతుంది. నీళ్ల సీసాలు కొనకండి. క్విక్ సర్వీస్ కౌంటర్లలో అడిగితే కప్పుతో ఐస్ నీళ్లు ఊరికే ఇస్తారు. యూనివర్సల్‌లో బ్యాగు సైజు దగ్గర కాస్త కఠినంగా ఉంటారు. సిక్స్ ఫ్లాగ్స్ లాంటి వేరే కంపెనీల పార్కుల్లో బయటి తిండి రానివ్వరు, డబ్బాలు కారులో పెట్టుకుని మధ్యలో బయటికొచ్చి తినాలి.

ఇలా మిగిల్చిన దాంట్లోంచి ఒక్క పూట మంచి భోజనం చేయండి. యానిమల్ కింగ్డమ్ లాడ్జ్‌లో సనా అని రెస్టారెంట్ ఉంది. నాన్ లాంటి రొట్టెలు రకరకాల చట్నీలతో తెచ్చిపెడతారు, కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. దానికి పార్కు టికెట్ అక్కర్లేదు. అమ్మానాన్నలకి అది రైడ్లన్నిటికంటే బాగా నచ్చుతుంది.

అమ్మానాన్నల మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. ఇండియా నుంచి వాళ్లు వచ్చినప్పుడే ట్రిప్ పెట్టుకుంటారు, అన్ని రోజులకీ వాళ్లకీ టికెట్లు తీస్తారు. డిస్నీలో పెద్దవాళ్లకని రాయితీ లేదు. మోకాళ్ల నొప్పులతో మామగారు మూడో రోజు బెంచీ మీద కూర్చుని బ్యాగులకి కాపలా కాస్తుంటారు. "మీరు వెళ్లండి నాయనా, నేనిక్కడే ఉంటా" అన్న ఆ మాటకి మనం కట్టింది నూటయాభై డాలర్లు. వాళ్లకి ఒక రోజు టికెట్ తీయండి, అదీ డిస్నీ వరల్డ్‌లోనే మరో పార్కు ఎప్‌కాట్‌కి అయితే మేలు. పదకొండు దేశాల మంటపాలు చూస్తూ నెమ్మదిగా నడవొచ్చు, సాయంత్రం బాణసంచా ఉంటుంది. మిగతా రోజులు హోటల్లో హాయిగా పడుకుంటారు.

వచ్చిన మొదటి ఏడాదే ఓర్లాండో వెళ్లి తీరాలా అన్నది కూడా ఆలోచించండి. డాలస్ వాళ్లకి ఆర్లింగ్టన్‌లో, న్యూజెర్సీ వాళ్లకి జాక్సన్‌లో, చికాగో వాళ్లకి గర్నీలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కులున్నాయి. షార్లెట్‌లో కారోవిండ్స్ ఉంది.  ఈ పార్కుల్లో సీజనంతా ఎన్నిసార్లైనా వెళ్లగలిగే వచ్చే ఏడాది సీజన్ పాసులు ఆగస్టు, సెప్టెంబర్ ప్రాంతంలో చవగ్గా అమ్ముతారు. రెండు మూడుసార్లు వెళ్తే డబ్బులు గిట్టుబాటవుతాయి. నెలవారీ వాయిదాలకి ఒప్పుకునేముందు ఆటోమేటిక్‌గా రెన్యూ అవుతుందేమో చదవండి. పెన్సిల్వేనియాలో కనోబెల్స్ అనే పార్కుకి ప్రవేశమూ పార్కింగూ ఉచితం, ఎక్కిన రైడ్‌కే డబ్బు. ఇండియానాలో హాలిడే వరల్డ్‌లో కూల్‌డ్రింకులు, సన్‌స్క్రీన్, పార్కింగ్ అన్నీ ఫ్రీ. అయిదేళ్ల పిల్లకి వీటికీ డిస్నీకీ ఆనందంలో పెద్ద తేడా ఉండదు, ఆ తేడా మన ఫొటోల్లోనే. ఎక్కడికి వెళ్లినా క్రెడిట్ కార్డు మీద పెట్టి నెలనెలా కట్టుకుందాం అనే ఆలోచన మాత్రం వద్దు. 20 శాతం దాటిన వడ్డీ మీద తీసుకున్న సెలవు అది.

ఓర్లాండోలో జాగ్రత్త పడాల్సినవి రెండు. హోటల్ లాబీల్లో చిన్న టేబుల్ వేసుకుని, నవ్వుతూ "టికెట్లు సగం ధరకి కావాలా?" అని పిలుస్తారు. బదులుగా తొంభై నిమిషాలు టిఫిన్ పెట్టి ప్రెజెంటేషన్ వినిపిస్తామంటారు. అది టైమ్‌షేర్ అమ్మకం, అంటే ఏటా కొన్ని రోజులు ఓ రిసార్ట్‌లో ఉండే హక్కుని మనకి అంటగట్టడం. తొంభై నిమిషాలు సగం రోజవుతుంది, "వద్దు" అన్న కొద్దీ ఇంకో మేనేజర్ వస్తాడు. మొహమాటం ఎక్కువున్న మనలాంటివాళ్లు వేల డాలర్ల సంతకం పెట్టి బయటికొచ్చిన సందర్భాలు నాకు తెలుసు. రెండోది, వాడగా మిగిలిన టికెట్లని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు. డిస్నీ టికెట్ ఇంకొకరికి బదిలీ కాదు, గేటు దగ్గర వేలిముద్రతో సరిచూస్తారు. అక్కడ ఆగిపోతే పిల్లలకి సర్దిచెప్పడం కష్టం.

చివరగా కారు సంగతి. అట్లాంటా నుంచి ఆరేడు గంటల డ్రైవ్, విమానం కంటే అదే నయం. డాలస్ నుంచి మాత్రం డ్రైవింగ్ పెట్టుకోవద్దు, రానూపోనూ దారిలోనే సెలవు అయిపోతుంది. విమానంలో వెళ్తే స్ట్రోలర్, కార్ సీట్ రెండూ ఉచితంగానే చెక్-ఇన్ చేయొచ్చు, అక్కడ అద్దెకి తీసుకోవద్దు. ఓర్లాండోలో టోల్ రోడ్లు ఎక్కువ. అద్దె కారు కంపెనీ ఇచ్చే టోల్ ప్యాకేజీకి సరేనని తలూపేముందు, ఎయిర్‌పోర్టులో విజిటర్ టోల్ పాస్ దొరుకుతుందేమో చూసుకోండి. అద్దానికి తగిలించుకునే ఆ ట్యాగ్‌కి అద్దె లేదు, మీరు వాడిన టోల్ వరకే కార్డు మీద పడుతుంది. తిరిగొచ్చేటప్పుడు కారు ఇచ్చే చోట డ్రాప్ బాక్సులో వేసేయడమే.